సింథసైజర్ కొనేటప్పుడు ముందు కీలు చూడండి

అందరికీ నమస్కారం. కీబోర్డు నేర్చుకుంటున్న పిల్లలు, వాళ్లను తీసుకొచ్చిన అమ్మానాన్నలు, చర్చిల్లో, ఆర్కెస్ట్రాల్లో వాయించే మిత్రులు చాలామంది వచ్చారు. చాలా సంతోషం. మంచి సింథసైజర్ ఎలా ఎంచుకోవాలో చెప్పమని నిర్వాహకులు అడిగారు. అది పెద్ద విషయం. నేను అందులో ఒక్క భాగమే తీసుకుంటాను. వేలి కింద కీ ఎలా దిగుతుంది, ఎలా లేస్తుంది, మనం నొక్కిన తీరును లోపలికి ఎంత సరిగ్గా చేరవేస్తుంది అన్నది. కంపెనీలు దీన్ని కీ యాక్షన్ అంటాయి. మనం మామూలుగా టచ్ అంటాం.

షాపుకి వెళ్లినప్పుడు మనం అడిగే ప్రశ్నలు మీకు తెలుసు. టోన్లు ఎన్ని? రిథమ్స్ ఎన్ని? తబలా, ఢోలక్ ఉన్నాయా? షెహనాయి బాగుందా? పెన్‌డ్రైవ్ పెట్టుకోవచ్చా? ఇవన్నీ అడగాల్సినవే. ఈ కీలు ఏ రకం, స్ప్రింగు మీద నడుస్తాయా, లోపల బరువు ఉందా, ఆఫ్టర్‌టచ్, అంటే కీ దిగాక ఇంకా అదిమితే సౌండు మారే ఏర్పాటు, ఉందా అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. టోన్లు తర్వాత కూడా తెచ్చుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో వేసుకోవచ్చు, ఐప్యాడ్‌లో వేసుకోవచ్చు, సౌండ్ మాడ్యూల్, అంటే కీలు లేని సౌండు పెట్టె, విడిగా కొని కేబుల్‌తో కలుపుకోవచ్చు. కీలు మాత్రం ఆ పెట్టెతో వచ్చినవే. దాన్ని వాడినన్నాళ్లూ రోజూ మీ వేళ్లు పడేది వాటి మీదే. వాటికి అప్‌డేట్ రాదు.

కవాయ్ కంపెనీ వీపీసీ1 అని ఒక కీబోర్డు చేసింది. అందులో చెక్క కీలు 88 ఉంటాయి, గ్రాండ్ పియానో తరహా యాక్షన్ ఉంటుంది. సౌండు మాత్రం ఒక్కటి కూడా ఉండదు. ఒక్క టోన్ కూడా లేని కీబోర్డును ఎవరు కొంటారు అనిపిస్తుంది కదా? కొన్నారు, పియానో వాయించేవాళ్లు ఇష్టపడి కొన్నారు. సౌండు కంప్యూటర్లో ఎప్పుడైనా మార్చుకోవచ్చని, చేతికి తగిన కీలు దొరకడమే కష్టమని వాళ్లకు తెలుసు.

సరే, లోపల ఏం జరుగుతుందో చెబుతాను. ఇది అర్థమైతే షాపులో ఏం చూడాలో సగం మీకే తెలిసిపోతుంది. చాలా కీబోర్డుల్లో ప్రతి కీ కింద రబ్బరుతో చేసిన చిన్న బొడిపెలు ఉంటాయి. వాటి లోపల నల్లటి కార్బన్ ముక్క ఉంటుంది. కీ నొక్కగానే రబ్బరు అణిగి, ఆ కార్బన్ కింద సర్క్యూట్ బోర్డు మీదున్న గీతలకు తగులుతుంది. ఇలాంటి కాంటాక్టులు కీకి రెండు. ఒకటి ముందు తగులుతుంది, రెండోది ఆ వెంటనే. ఆ రెంటి మధ్య ఎంతసేపు గడిచిందో లోపలి ప్రాసెసర్ కొలుస్తుంది. తక్కువసేపు గడిస్తే గట్టిగా వాయించారని, ఎక్కువసేపు గడిస్తే మెల్లగా వాయించారని లెక్క వేసుకుంటుంది. మీరు ఎంత బలం పెట్టారో కీబోర్డుకు తెలియదు. కీ ఎంత వేగంగా దిగిందో అదొక్కటే తెలుస్తుంది. అందుకే దానికి వెలాసిటీ అని పేరు. 1983లో మిడి, అంటే కీబోర్డులు, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష, వచ్చినప్పటి నుంచి ఆ వేగాన్ని 1 నుంచి 127 వరకు అంకెల్లో చెబుతున్నారు.

ఇక్కడ కొలిచేది మిల్లీసెకన్లను. అంత చిన్న లెక్కలో రబ్బరు కాస్త గట్టిదైనా, కీ పక్కకి ఊగినా, ఒక చోట నూనె ఆరి బిగుసుకున్నా అంకె మారిపోతుంది. మీరు ఒకే తీరుగా వాయిస్తారు, ఒక కీ 60 అని చెబుతుంది, పక్క కీ 85 అంటుంది. అప్పుడు పియానో టోన్‌లో ఒక స్వరం లోపలికి పోతుంది, ఇంకో స్వరం బయటికి పొడుచుకొస్తుంది. నేర్చుకునే పిల్లవాడు తన చేతిదే తప్పనుకుని, దాన్ని సర్దుకోవడానికి వేలితో ఇంకా గట్టిగా కొడతాడు. ఆ అలవాటు ఒకసారి పడితే పోవడం చాలా కష్టం. నాకు బాధ కలిగించేది ఇదే. నాసిరకం కీలు వాయించే చేతినే చెడగొడతాయి.

ఇక కీల రకాలు. మొదటిది సింథ్ యాక్షన్. ప్లాస్టిక్ కీ, దాన్ని పైకి లేపడానికి ఒక స్ప్రింగు, అంతే. తేలిగ్గా ఉంటుంది, వదలగానే లేస్తుంది. మన దగ్గర పెళ్లి మండపాల్లో, చర్చిల్లో బాగా కనిపించే రోలాండ్ ఎక్స్‌పీఎస్-10, యమహా పీఎస్ఆర్-ఐ వరుస కీబోర్డులు ఈ తేలికపాటి రకానివే. బస్సులో తీసుకెళ్లడానికి వీలుగా ఉంటాయి. రెండోది సెమీ వెయిటెడ్. ఇందులోనూ స్ప్రింగే ఉంటుంది, దానికి తోడు కీ కింద చిన్న ఇనుప ముక్క అతికిస్తారు. దాంతో వేలికి కాస్త పట్టు దొరుకుతుంది. మూడోది హ్యామర్ యాక్షన్. ప్రతి కీ వెనకా ఒక సుత్తి లాంటి బరువు ఊగుతుంది. అసలు పియానోలో తీగను కొట్టే సుత్తికి ఇది బదులు. ఎడమవైపు కీలు బరువుగా, కుడివైపుకి వెళ్లేకొద్దీ తేలిగ్గా ఉండేలా కూడా చాలావాటిలో చేస్తారు. పియానోలో మంద్రస్థాయి సుత్తులు పెద్దవి కాబట్టి అక్కడా అలాగే ఉంటుంది.

ఈ మూడింటినీ విని చాలామంది ఒక నిర్ణయానికి వచ్చేస్తారు, బరువు ఎంత ఎక్కువైతే అంత మంచి కీబోర్డు అని. ఇది తప్పు. దీని గురించి కొంచెంసేపు చెప్పాలి.

స్ప్రింగు నొక్కేకొద్దీ ఎదురు తిరుగుతుంది, వదిలిన క్షణంలో పైకి తోస్తుంది. సుత్తి అలా కాదు. మొదట కదలడానికి మొరాయిస్తుంది, కదిలాక తన ఊపుతో తానే పోతుంది. మంచి పియానోలో మధ్యస్థాయి కీ మీద 50 గ్రాముల బరువు పెడితే అది మెల్లగా దిగుతుంది, దాదాపు 10 మిల్లీమీటర్ల లోతు వెళ్తుంది. ఇది నిలకడగా పెట్టిన బరువు. వేగంగా వాయించేటప్పుడు మన వేలు ఎదుర్కొనేది ఆ సుత్తిని ఒక్కసారిగా కదిలించే శ్రమను. ఒకే స్వరాన్ని గబగబా పదేపదే కొట్టినప్పుడు, సుత్తి వెనక్కి రాకముందే మళ్లీ కొట్టాల్సి వస్తుంది. పియానోలో ఈ సమస్యకు సెబాస్టియన్ ఎరార్ అనే పియానో తయారీదారు 1821లో డబుల్ ఎస్కేప్‌మెంట్ అనే ఏర్పాటుకు పేటెంట్ తీసుకున్నాడు. కీ పూర్తిగా పైకి రాకుండానే మళ్లీ కొట్టే వీలు దాంతో కుదిరింది. ఈనాటి డిజిటల్ కీబోర్డుల్లో అదే పని మూడో సెన్సర్, అంటే కీ కింద ఇందాక చెప్పిన రెండు కాంటాక్టులకు తోడు ఇంకొకటి, చేస్తుంది. రెండే సెన్సర్లుంటే కీ దాదాపు పైదాకా రావాలి. మూడుంటే సగం లేచినా మళ్లీ మోగించొచ్చు. కాబట్టి 88 కీల హ్యామర్ యాక్షన్ తీసుకుంటున్నవాళ్లు సెన్సర్లు రెండా, మూడా అని తప్పకుండా అడగండి.

ఆర్కెస్ట్రాలో ఫ్లూట్ బిట్లు, నాదస్వరం బిట్లు, వేగంగా నడిచే లీడ్ వాయించేవాళ్లకు ఈ సుత్తి బరువు అడ్డమే. నాలుగు గంటల ప్రోగ్రాం అయ్యేసరికి మణికట్టు నొప్పి పెడుతుంది. ఆర్గాన్ వాయించేవాళ్ల సంగతి ఇంకా వేరు. హామండ్ బీ-3 ఆర్గాన్‌లో కీకి తొమ్మిది కాంటాక్టులుండేవి, వెలాసిటీ అసలు లేదు, కీ కాస్త దిగగానే మోగేది. కీ ముందు అంచు పెదవిలా బయటికి రాకుండా, గుండ్రంగా కిందికి దిగేది. దాన్ని వాటర్‌ఫాల్ కీ అంటారు. అరచేత్తో కీల మీద రాసుకుంటూ పోవడం, గ్లిస్సాండో అంటే స్వరాలన్నీ వరసగా జారుస్తూ వాయించడం, ఇవన్నీ ఆ నిర్మాణం వల్లే చేతికి తగలకుండా సాగుతాయి. అదే పని హ్యామర్ యాక్షన్ మీద చేస్తే వేళ్లు ఒరుసుకుపోతాయి. నార్డ్ వాళ్లు తమ 73 కీల మోడళ్లలో కొన్నింటికి ఈ వాటర్‌ఫాల్ కీలు పెట్టేది అందుకే. ఆర్గాన్ టోన్ మొదటి కాంటాక్టు దగ్గరే మోగేలా సెట్టింగు కూడా ఇచ్చారు.

కాబట్టి మంచి టచ్ అంటే బరువైన టచ్ అని అర్థం కాదు. తేలికైన కీ అయినా గట్టిగా కూర్చుని ఉండాలి, పక్కలకు ఊగకూడదు, ఎక్కడ నొక్కినా ఒకేలా దిగాలి, అన్ని కీలూ ఒకే మాట చెప్పాలి. 2015లో యమహా రీఫేస్ అని నాలుగు చిన్న సింథసైజర్లు తెచ్చింది. కీలు 37, అవి కూడా చిన్న సైజువి. స్ప్రింగు మీద నడిచేవే. అయినా వాటి మీద వేలు పెడితే ఎంత చక్కగా పలుకుతాయో! పెద్ద సైజు కీలున్న ఎన్నో చవక కీబోర్డుల కంటే అవి నమ్మకంగా పనిచేస్తాయి. శ్రద్ధ పెట్టి చేస్తే తేలికపాటి కీ కూడా అలా ఉంటుంది.

ఈ కీలు ఎవరు చేస్తారన్నది కూడా తెలుసుకోండి. యమహా, రోలాండ్, కవాయ్, కాసియో తమ కీ యాక్షన్‌లను తామే రూపొందించుకుంటాయి. మిగతా కంపెనీల్లో చాలామంది ఇటలీ నుంచి కొంటారు. ఇటలీలో రెకనాటి అనే ఊళ్లో ఫాటార్ అనే కంపెనీ ఉంది. 1956లో మొదలైంది. ఆ చుట్టుపక్కల ప్రాంతమంతా అకార్డియన్ల తయారీకి పేరు. చేతిపని తెలిసిన ఊళ్లు అవి. అమెరికాలో సీక్వెన్షియల్ ప్రాఫెట్-6, ప్రాఫెట్-5 కొత్త రూపం, మూగ్ వాళ్ల పెద్ద సింథసైజర్లు, ఫ్రాన్స్‌లో ఆర్టూరియా 88 కీల కంట్రోలర్లు (కంప్యూటర్‌కు కలిపి వాయించే కీబోర్డులు), ఇలా ఎన్నింటిలోనో లోపలుండేది ఫాటార్ కీలే. 1970లో వచ్చిన అసలు మినీమూగ్‌కు 44 కీలు. వాటిని ప్రాట్-రీడ్ అనే అమెరికన్ కంపెనీ చేసేది, వెలాసిటీ లేదు. 2016లో మూగ్ కంపెనీ దాన్ని మళ్లీ తయారుచేసినప్పుడు ఫాటార్ కీలు పెట్టి వెలాసిటీ, ఆఫ్టర్‌టచ్ కలిపారు.

ఫాటార్‌లోనూ మెట్లున్నాయి. టీపీ/9 అంటే సింథసైజర్లకు వాడే స్ప్రింగు రకం. టీపీ/100 చవకలో వచ్చే హ్యామర్ రకం. టీపీ/40 అంతకు పై మెట్టు, అందులో చెక్క కీలవి కూడా ఉన్నాయి. ఫాటార్ సొంత బ్రాండ్ స్టూడియోలాజిక్‌లోనే ఎస్ఎల్88 స్టూడియోలో టీపీ/100, ఎస్ఎల్88 గ్రాండ్‌లో టీపీ/40 చెక్క కీలు పెట్టారు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకే కుటుంబం. వేలు పెడితే తేడా తెలుస్తుంది. ఇంకో జాగ్రత్త. కీబెడ్, అంటే కీల అమరిక మొత్తం, దాని పేరు ఒకటే అయినా రెండు కంపెనీల చేతుల్లో రెండు రకాలుగా అనిపించొచ్చు. వెలాసిటీ లెక్క వేసే సాఫ్ట్‌వేర్ వేరు, కీలను కూర్చోబెట్టే పెట్టె వేరు. కాబట్టి పేరు చూసి సగం నమ్మండి, మిగతా సగం మీ చేతికి వదిలేయండి.

చేతికి వదిలేయడం ఎలా? ఇప్పుడు చెప్పేది నోట్‌బుక్ ఉన్నవాళ్లు రాసుకోండి.

షాపుకి మీ సొంత హెడ్‌ఫోన్ తీసుకెళ్లండి. షాపు స్పీకర్లో బాస్ ఎక్కువ పెట్టి ఉంటే ఏ కీ అయినా గొప్పగానే వినిపిస్తుంది. కీబోర్డు ఊగే స్టాండు మీద ఉంటే కదలని బల్ల మీద పెట్టమని అడగండి. తర్వాత సెట్టింగుల్లోకి వెళ్లి టచ్ మామూలు దగ్గర ఉందో లేదో చూడండి. అంతకుముందు వచ్చినవాళ్లెవరో దాన్ని ఆపేసి వెళ్లి ఉంటే, ఎలా నొక్కినా ఒకేలా మోగుతుంది, మీరు అదే దాని గుణమనుకుంటారు.

వాయించే ముందు వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. శబ్దం లేకుండా ఒక నిమిషం స్కేలు వాయించండి. కీ అడుగుకు తగిలినప్పుడు టకటకమంటుందా, మెత్తగా ఆగుతుందా? లేచేటప్పుడు ప్లాస్టిక్ చప్పుడు వస్తుందా? అపార్ట్‌మెంట్లో రాత్రిపూట హెడ్‌ఫోన్ పెట్టుకుని సాధన చేసేవాళ్లకు ఇది చాలా ముఖ్యం. మీకు సంగీతం వినిపిస్తుంది, కింది ఇంటివాళ్లకు ఆ టకటక మాత్రమే వినిపిస్తుంది.

ఇప్పుడు పియానో టోన్ పెట్టండి. డ్రమ్స్ వద్దు, స్ట్రింగ్స్ వద్దు. కీల లోపాన్ని దాచుకోలేనిది పియానో టోనే. ఒక్క వేలితో, మీరు మోగించగలిగినంత మెల్లగా, వరసగా పన్నెండు కీలూ నొక్కుతూ వెళ్లండి. నలుపు, తెలుపు రెండూ. కొన్ని కీబోర్డుల్లో నల్ల కీలు గట్టిగా పలుకుతాయి. కొన్నింటిలో అతి మెల్లగా నొక్కితే సౌండే రాదు, కొంచెం బలం పెడితే ఒక్కసారిగా అరుస్తుంది. మెల్లని చోట పట్టు లేని కీబోర్డు భక్తి పాటకూ పనికిరాదు, లాలి పాటకూ పనికిరాదు. ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో మిడి మానిటర్ యాప్ ఉంటే యూఎస్‌బీతో కలిపి వెలాసిటీ అంకెలు చూడండి. చెవిని మోసం చేయొచ్చు గానీ అంకెలు అక్కడే కనబడతాయి.

ఆ తర్వాత ఇంకో పరీక్ష చేయండి. ఇది చాలామంది చేయరు. కీని ముందు అంచు దగ్గర నొక్కండి. తర్వాత బాగా లోపల, నల్ల కీల మధ్య, ప్యానెల్‌కు ఆనుకుని నొక్కండి. తలుపును గడియ దగ్గర తోస్తే తేలిగ్గా తెరుచుకుంటుంది, మడతబందు దగ్గర తోస్తే బలం చాలదు. కీ కూడా అంతే. అది ఊగే ఇరుసు ఎంత వెనక్కి ఉంటే లోపలి చోట అంత తేలిగ్గా దిగుతుంది. గ్రాండ్ పియానోలో కీ కర్ర మనకు కనిపించే దానికంటే లోపలికి చాలా పొడుగు ఉంటుంది. కీబోర్డును చిన్న పెట్టెలో ఇమడ్చాలంటే ఇరుసు ముందుకు రావాల్సిందే. మధ్యవేలు నల్ల కీ మీద ఉన్నప్పుడు బొటనవేలు తెల్ల కీ మీద లోపలి చోటే పడుతుంది. సి మైనర్ లాంటి కార్డు పట్టి చూడండి, అది ఎక్కువ శ్రమగా అనిపిస్తే ఆ కీబోర్డు మీద పెద్ద పాటలు వాయించడం కష్టమవుతుంది. ఇదే నేను అన్నిటికంటే ముందు చూసే పరీక్ష.

కీని రెండు వేళ్లతో పట్టుకుని పక్కలకు మెల్లగా కదపండి. కొద్దిగా కదిలితే పర్వాలేదు. పక్క కీకి తగిలేంత ఊగితే అక్కడితో వదిలేయండి. కొలిచే స్కేలు కూడా ఒకటి పట్టుకెళ్లండి. మామూలు సైజు కీబోర్డులో ఒక స్థాయి, అంటే సా నుంచి ని దాకా ఏడు తెల్ల కీలు కలిపి 16.5 సెంటీమీటర్ల దాకా ఉంటాయి. అంతకంటే బాగా తగ్గితే అది చిన్న కీల కీబోర్డు. దాని మీద అలవాటైన చెయ్యి పెద్ద కీబోర్డు మీదికి వచ్చేసరికి స్వరాలు తప్పుతుంది.

ఇక ఆఫ్టర్‌టచ్. కీ అడుగుకు దిగాక వేలు ఇంకా అదిమితే ఆ ఒత్తిడితో సౌండులో మార్పు తేవడం. ఫ్లూట్‌కు కంపనం, స్ట్రింగ్స్‌కు వెలుగు, బ్రాస్‌కు ఉబ్బు, అన్నీ వేలి ఒత్తిడిలోంచి వస్తాయి. 1983లో వచ్చిన యమహా డీఎక్స్7లోనే ఇది ఉంది. ఆశ్చర్యంగా ఈరోజు కూడా మధ్యరకం ధరల్లో చాలావాటికి లేదు. యమహా మోంటాజ్‌లో ఉంది, అదే వరుస సౌండుతో తక్కువ ధరకు వచ్చిన మోడ్ఎక్స్ కీలకు లేదు. కోర్గ్ పీఏ1000లో ఉంది, పీఏ700లో లేదు. అమ్మేవాడు రెండూ ఒకే సౌండు సార్ అంటాడు. సౌండు సంగతి నిజమే. చేతికి దొరికేది మాత్రం ఒకటి కాదు.

మామూలు ఆఫ్టర్‌టచ్‌లో కీలన్నిటి కింద ఒకే పట్టీ ఉంటుంది. ఏ వేలు అదిమినా అన్ని స్వరాలకూ వర్తిస్తుంది. పాలిఫోనిక్ ఆఫ్టర్‌టచ్‌లో ఏ వేలి కింద స్వరం ఆ వేలికే స్పందిస్తుంది. 1970ల చివర్లో యమహా సీఎస్-80లో ఇది ఉండేది. ఆ సింథసైజర్ బరువు సుమారు 100 కిలోలు. ఆ తర్వాత చాలాకాలం ఇది అరుదైపోయింది. 2019లో ఏఎస్ఎం కంపెనీ హైడ్రాసింథ్‌తో మళ్లీ అందుబాటు ధరలోకి వచ్చింది. 2023లో యమహా మోంటాజ్ ఎం8ఎక్స్‌లో 88 కీల మీద పెట్టింది. షాపులో ఆఫ్టర్‌టచ్ చూసేటప్పుడు వేలిని చాలా నెమ్మదిగా అదమండి. కంపనం కొంచెం కొంచెంగా పెరగాలి. ఏమీ లేక, ఏమీ లేక, ఉన్నట్టుండి పూర్తిగా వచ్చేస్తే అది స్విచ్చు లాంటిది. దానికి డబ్బు పెట్టకండి.

కర్ణాటక సంగీతం వాయించే మిత్రులు ఇద్దరు ముందు వరసలో ఉన్నారు, వాళ్ల కోసం ఒక మాట. కీబోర్డు మీద గమకం అంటే ఎడమచెయ్యి స్వరాన్ని వంచే చక్రం, పిచ్ బెండ్ వీల్ మీదే ఉండాలి, ఇన్నాళ్లూ అదే దారి. ఎక్స్‌ప్రెసివ్ ఇ అనే ఫ్రెంచి కంపెనీ ఆస్మోస్ అని 49 కీల సింథసైజర్ తెచ్చింది. అందులో ప్రతి కీ పక్కలకు కూడా కదులుతుంది. వేలిని కీ మీదే ఉంచి కదిపితే ఆ ఒక్క స్వరమే వంగుతుంది. తోడి గాంధారాన్ని కుడిచేతి వేలితోనే ఊపే వీలు ఉందంటే మనకు అంతకంటే ఏం కావాలి! ధర ఎక్కువే, మన ఊళ్లలో షాపుల్లో దొరకడమూ కష్టం. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు వెళ్లినప్పుడు ఎక్కడైనా కనిపిస్తే మాత్రం వాయించకుండా రాకండి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు చాలామంది ఉంటారు మన దగ్గర. అందులో తప్పేమీ లేదు. పాత టాప్ మోడల్, కొత్త చవక మోడల్ కంటే చేతికి బాగుంటుంది చాలాసార్లు. ఒక కీ మోగకపోయినా, ఒక కీ మాత్రం ఎప్పుడూ గరిష్ఠంగా అరుస్తున్నా భయపడకండి. చాలావరకు అది కార్బన్ రబ్బరు కింద చేరిన దుమ్ము, తేమ. విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తగా తుడిస్తే సరిపోవచ్చు. లేదంటే రబ్బరు పట్టీ మార్పించొచ్చు. బేరం ఆడేముందు ఆ మోడల్‌కు రబ్బరు దొరుకుతుందో లేదో కనుక్కోండి. తుప్పు వదిలించే స్ప్రేలు మాత్రం లోపల కొట్టనివ్వకండి, అవి రబ్బరునీ ప్లాస్టిక్‌నూ పాడుచేస్తాయి. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉప్పుగాలి ఉంటుంది కాబట్టి, అక్కడ వాడిన కీబోర్డు అయితే విప్పి సర్క్యూట్ బోర్డు చూపించమని అడగడం న్యాయమే.

సెకండ్ హ్యాండ్‌లో ఒక ప్రత్యేకమైన జబ్బు గురించి చెప్పాలి. 1990 ప్రాంతంలో రోలాండ్ డీ-70, జేడీ-800 లాంటి మోడళ్లలో కీల కింది బరువు ముక్కలను ఎర్రటి జిగురుతో అతికించారు. ఏళ్లు గడిచాక ఆ జిగురు మళ్లీ కరిగి కారుతుంది. కీలు అంటుకుపోతాయి, బరువు ముక్కలు ఊడిపోతాయి, కారిన జిగురు లోపలి కాంటాక్టుల మీద పడుతుంది. వేడి దేశాల్లో ఇది ఇంకా తొందరగా జరగడం సహజం. జేడీ-800 అద్భుతమైన సింథసైజర్, దాని సౌండు ఇప్పటికీ నాకు ఇష్టం. ఎవరైనా అమ్ముతానంటే కీలను కింది నుంచి చూసి, ఆ జిగురు శుభ్రం చేయించారా అని అడిగి కొనండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

అమ్మా, మీరు అడిగింది పాపకు ఎనిమిదేళ్లు, ఏది కొనాలి అని. పాప పియానో గ్రేడు పరీక్షల వైపు వెళ్తుందంటే మొదటి నుంచే 88 కీల హ్యామర్ యాక్షన్ కొనండి. డిజిటల్ పియానోల్లో రోలాండ్ ఎఫ్‌పీ-30ఎక్స్ లాంటివి మంచి కీలతో వస్తాయి. టోన్లు తక్కువే ఉంటాయి, పర్వాలేదు. ఇంకా ఏ వైపు వెళ్తుందో తెలియదంటే టచ్ సెన్సిటివ్ ఉన్న, పూర్తి సైజు 61 కీలది చాలు. టచ్ లేనిది మాత్రం ఎంత చవకగా వచ్చినా వద్దమ్మా. మెల్లగా, గట్టిగా అనే తేడా చేతికి ఆ వయసులోనే రావాలి.

వెనక నుంచి తమ్ముడు అడుగుతున్నాడు, ల్యాప్‌టాప్‌కి కలిపి వాయిస్తే కీలు ఆలస్యంగా మోగుతున్నాయి, కీబోర్డు మార్చాలా అని. మార్చొద్దు తమ్ముడూ. మిడి కేబుల్ మీద ఒక స్వరం వెళ్లడానికి పట్టేది ఒక్క మిల్లీసెకను. ఆలస్యం ల్యాప్‌టాప్ ఆడియో బఫర్‌లో, అంటే సౌండును బయటికి పంపేముందు కాసేపు పోగుచేసుకునే చోట, ఉంది. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర బఫర్ 1024 ఉంటే అదొక్కటే 23 మిల్లీసెకన్లు తింటుంది. దాన్ని 128కి తెస్తే మూడు మిల్లీసెకన్లకు దిగుతుంది. విండోస్ అయితే ఆసియో డ్రైవర్ వాడు, అది ఆలస్యం తగ్గించే ఆడియో సాఫ్ట్‌వేర్. కీలు బరువుగా ఉన్నాయనిపించడానికి కూడా ఈ ఆలస్యం ఒక కారణం. వేలు దిగాక సౌండు లేటుగా వస్తే చెయ్యి తెలియకుండానే ఇంకా గట్టిగా నొక్కుతుంది.

బరువు మోయడం గురించి ఒకరు అడిగారు. నిజమే, అది చిన్న విషయం కాదు. మోంటాజ్‌నే తీసుకోండి, 61 కీల మోంటాజ్6 బరువు 15 కిలోలు, 88 కీల మోంటాజ్8 బరువు 29 కిలోలు. కేసు బరువు అదనం. సుత్తులన్నీ కలిసి అంత బరువు. వారానికి మూడు ప్రోగ్రాములకు బస్సులో, ఆటోలో తిరిగేవాళ్లకు నేను 88 చెప్పను. ఆఫ్టర్‌టచ్ ఉన్న 61 గానీ 76 గానీ, మంచి సెమీ వెయిటెడ్ కీలతో తీసుకోండి. ఇంట్లో సాధనకు పాత డిజిటల్ పియానో ఒకటి ఉంచుకోండి. రెండూ కలిపి ఒక పెద్ద వర్క్‌స్టేషన్ (అన్నీ ఒకే పెట్టెలో ఉండే ఖరీదైన కీబోర్డు) ధర లోపే అవ్వొచ్చు, చేతికి రెండు రకాల బలమూ వస్తుంది.

సమయం అయిపోయిందని సైగ చేస్తున్నారు. ఆ పక్క బల్లల మీద స్ప్రింగు కీలది, సెమీ వెయిటెడ్‌ది, హ్యామర్ యాక్షన్‌ది, మూడు కీబోర్డులు పెట్టించాం. మూడింటిలోనూ పియానో టోనే ఉంది, దయచేసి మార్చకండి. పిల్లలు ముందు రండి, ఒక్కొక్కరు మూడూ వాయించండి. ల్యాప్‌టాప్‌లో మిడి మానిటర్ తెరిచి ఉంది, మెల్లగా నొక్కి అంకెలు చూసుకోండి. పెద్దవాళ్లు ఆ తర్వాత రండి, నేను అక్కడే ఉంటాను.